దొంగ నాణెం భయం: నాణేలు సేకరించేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

నాణేల ప్రదర్శనల్లో కొత్తవాళ్లు పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగే ప్రశ్నలివి. ఇరవై ఏళ్లుగా సేకరిస్తున్నాను కనుక వీటిలో చాలావాటిని ఒకప్పుడు నేనూ అడిగినవాణ్ణే. తెలిసినంతవరకు దాపరికం లేకుండా చెబుతాను.

కొన్న ప్రతి నాణెమూ దొంగదేమో అనిపిస్తోంది. నాకొక్కడికేనా ఇలా?

కాదు. ఈ భయం పట్టని సేకర్తను నేనింతవరకు చూడలేదు. నాకు పట్టింది 1862 నాటి విక్టోరియా రూపాయితో. ఒక ప్రదర్శనలో బల్ల మీద చూసి, ముచ్చటపడి, బేరం కూడా సరిగా ఆడకుండా కొన్నాను. ఇంటికొచ్చి తూకం వేస్తే 9.8 గ్రాములు. ఉండాల్సింది 11.66. డబ్బు పోయిందన్న బాధ వారంలో తగ్గింది కానీ అనుమానం తగ్గలేదు. ఆల్బమ్ తెరిస్తే చాలు, నాన్న ఇచ్చిన నాణేలు కూడా దొంగవేమో అనిపించేది. మూడు నెలలు దాన్ని ముట్టుకోలేదు.

చివరికి నాకంటే ముప్పై ఏళ్లు పెద్దాయన ఒకరు వాళ్లింటికి పిలిచి ఒక బిస్కెట్ల డబ్బా నా ముందు బోర్లించారు. నిండా నకిలీలే. ఆయన కొన్నవే. ఒక్కొక్కటీ చేతికిచ్చి ఎక్కడ దొరికిపోయిందో చూపించారు. ఆ సాయంత్రం తర్వాత నాకు భయం పూర్తిగా పోలేదు గానీ, దానికో ఆకారం వచ్చింది. ఏ నాణెంలో ఎక్కడ చూడాలో తెలిస్తే మిగతా నాణేలను నిశ్చింతగా పట్టుకోవచ్చని అర్థమైంది.

అసలు నకిలీ అంటే ఏది? అన్నీ ఒకటేనా?

ఒకటి కావు. ఆ రోజుల్లోనే సంతలో చెలామణీ చేయడానికి చేసిన దొంగ రూపాయలు ఒక రకం. ఇవి కూడా పాతవే, వీటిని ప్రత్యేకంగా సేకరించేవారున్నారు. మనలాంటివాళ్లకు అంటగట్టడానికి ఈ మధ్య చేసినవి రెండో రకం. అసలు ఎన్నడూ లేని నాణేన్ని ఊహించి కొట్టినవి మూడో రకం. పండగలకు వెండి దుకాణాల్లో అమ్మే రాణి బొమ్మ బిళ్లలు నాలుగోవి. వాటిలో మోసమేమీ లేదు, ఎవరో తర్వాత వాటిని పాత రూపాయలని చెబితే తప్ప.

ఇవి కాక 'రీస్ట్రైక్'లున్నాయి. బొంబాయి, కలకత్తా టంకశాలలే పాత అచ్చులతో సేకర్తల కోసం మళ్లీ కొట్టి ఇచ్చినవి. నకిలీలనడానికి లేదు, నాటి నాణేలనీ అనలేం. అమ్మేవారు ఆ మాట ముందే చెప్పాలి.

పూజగదిలో నాయనమ్మ దాచిన రాణి రూపాయలున్నాయి. అవి అసలువేనా?

ఎక్కువమంది అడిగేది ఇదే. ముందు తూకం చూడండి. 1835 నుంచి బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. సరిగ్గా ఒక తులం. ఇప్పుడు తులమంటే పది గ్రాములని లెక్కేస్తున్నాం గానీ, పాత తులం ఆ రూపాయి బరువే. వెండి వందకు 91.7 వంతులు. చేతులు మారి అరిగిన రూపాయి 11.4 గ్రాములు తూగినా కంగారు పడక్కర్లేదు. 10 గ్రాముల చుట్టుపక్కల తిరుగుతుంటే మాత్రం అనుమానించాల్సిందే. అదే సైజు, అదే మందంలో జర్మన్ సిల్వర్‌తో (పేరులో సిల్వర్ ఉన్నా వెండి లేని రాగి, నికెల్, జింకు మిశ్రమం) చేస్తే సుమారు 9.8 గ్రాములొస్తుంది. నా 1862 రూపాయి అదే.

తర్వాత రాతలు. 1877 నుంచి 'విక్టోరియా ఎంప్రెస్' అని ఉంటుంది, అంతకుముందు 'విక్టోరియా క్వీన్'. 1862 అని వేసిన రూపాయల్ని ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు అదే సంవత్సరంతో కొట్టారు. కాబట్టి మీ దగ్గర అన్నీ 1862వే ఉన్నాయని భయపడకండి, దేశంలో అందరి దగ్గరా అవే ఉన్నాయి.

వెండి దుకాణపు బిళ్ల అయితే బొమ్మ మెత్తగా, ముక్కూ కళ్లూ కరిగినట్టుగా ఉంటాయి. ఒక్కోసారి వెనుక దుకాణం గుర్తో, వెండి స్వచ్ఛత అంకెలో కనిపిస్తాయి. అలాంటిది బయటపడితే నాయనమ్మ మోసపోయిందని అనుకోకండి. ఆమె దాచుకున్నది లక్ష్మీపూజకు వెండి, అది వెండే.

1947 రూపాయి అయస్కాంతానికి అంటుకుంది. దొంగదా?

కాదు, అసలుదే. 1947 రూపాయి నికెల్‌ది. నికెల్ అయస్కాంతానికి అంటుకుంటుంది. అంటుకోకపోతేనే అనుమానించాలి. అయస్కాంతం పట్టుకుని ఇల్లంతా తిరిగేముందు ఏ నాణెం ఏ లోహమో తెలుసుకోవాలి. విక్టోరియా, ఎడ్వర్డ్, ఐదో జార్జి రూపాయల్లో ఉన్నది వెండి, రాగి. అవి అంటుకుంటే లోపల ఇనుమో నికెలో ఉన్నట్టే. 1940 నుంచి ఆరో జార్జి రూపాయల్లో వెండిని సగానికి తగ్గించారు. దొంగ రూపాయల బెడద తగ్గించడానికి అంచులో ప్రత్యేకమైన గాడి కూడా పెట్టారు. ప్రభుత్వమే అంత జాగ్రత్త పడాల్సి వచ్చిందంటే మన భయం కొత్తదేమీ కాదు.

యంత్రాలేమీ లేకుండా ఇంట్లో వెండిని ఎలా పరీక్షించాలి?

పాతకాలం షావుకార్లు రూపాయిని బొటనవేలితో ఎగరేసి మోత వినేవారు. వెండి ఖంగుమని మోగి, ఆ ధ్వని కాసేపు నిలుస్తుంది. మీరు ఎగరేయకండి, నేల మీద పడితే అంచు దెబ్బతింటుంది. వేలికొనపై నిలిపి చెక్క పెన్సిల్‌తో మెల్లగా తట్టండి. కానీ పగులున్న అసలు నాణెం కూడా మోగదు. అందుకే మోత విని తీర్పు చెప్పేయకూడదు.

నాకు ఎక్కువ నమ్మకం నీళ్ల పరీక్ష మీద. గ్రాములో వందో వంతు చూపే చిన్న డిజిటల్ త్రాసు కావాలి. ముందు నాణేన్ని పొడిగా తూయండి. తర్వాత చిన్న ప్లాస్టిక్ గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి, అంకెను సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా, గ్లాసు అడుగునూ గోడలనూ తాకకుండా వేలాడదీయండి. బుడగలు అంటుకోకుండా చూడండి. ఇప్పుడు త్రాసు చూపేది నాణెం తోసిన నీళ్ల బరువు. పొడి బరువును దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది.

11.66 గ్రాముల అసలు రూపాయికి నీళ్లలో 1.13 వరకు చూపించాలి. భాగిస్తే 10.3. అదే బరువుతో జర్మన్ సిల్వర్ నకిలీ అయితే 1.34 దగ్గర చూపిస్తుంది, సాంద్రత 8.7కి పడిపోతుంది. స్వచ్ఛమైన వెండికి 10.49, రాగికి 8.96, సీసానికి 11.34, బంగారానికి 19.3. ఈ నాలుగు అంకెలు నా త్రాసు మూత లోపల రాసి అంటించుకున్నాను.

ఈ పరీక్ష లోహం గురించి మాత్రమే చెబుతుంది. అసలు వెండితో కొట్టిన దొంగ నాణేన్ని పట్టుకోదు. అందుకు భూతద్దమే దిక్కు. పది రెట్లు పెద్దగా చూపేది చాలు. పోతపోసిన నాణెమైతే ఉపరితలంపై సూదిమొనంత గుంటలు, అక్షరాల మొదళ్లలో మెత్తదనం, అంచు చుట్టూ రెండు ముక్కలు అతికినట్టు సన్నని గీత కనిపిస్తాయి. చాలామంది బొమ్మ, బొరుసు మాత్రమే చూస్తారు. దొంగ నాణెం ఎక్కువగా అంచు దగ్గరే దొరికిపోతుంది.

సంవత్సరాన్ని మార్చి అమ్ముతారట, నిజమేనా?

నిజం. 1939 నాటి వెండి రూపాయి చాలా అరుదు, 1938ది అంత అరుదు కాదు. ఒక్క అంకె తేడాకి ధర ఎన్నో రెట్లు. అందుకే చివరి అంకె చుట్టూ ఉన్న ఖాళీని చూడండి. గీకిన గుర్తు, రంగు తేడా, పక్క అంకెలకంటే ఎత్తు ఎక్కువగా ఉండటం లాంటివి కనిపిస్తే వదిలేయండి. ఇప్పటి నాణేల్లో టంకశాల గుర్తులతోనూ ఇదే ఆట. సంవత్సరం కింద చుక్క ఉంటే నోయిడా, డైమండ్ ఉంటే ముంబయి, నక్షత్రం ఉంటే మన హైదరాబాద్, ఏమీ లేకపోతే కోల్‌కతా. లేని గుర్తును చెక్కడం కష్టం, ఉన్నదాన్ని గీకేయడం తేలిక.

నిజాం నాణేలు సేకరిస్తున్నాను. వేటిని గమనించాలి?

నాకు బాగా ఇష్టమైన విభాగం ఇది. నిజాం రాజ్యపు సొంత రూపాయిని హాలీ సిక్కా అంటారు. దాని బరువు 11.178 గ్రాములు, వెండి వందకు 81.8 వంతులు. బ్రిటిష్ రూపాయి లెక్కతో దీన్ని తూచి దొంగదని పక్కన పడేసినవారున్నారు. హైదరాబాద్ రాజ్యంలో బ్రిటిష్ రూపాయిని కల్దార్ అనేవారు. ఆరు కల్దార్లకు సుమారు ఏడు హాలీ రూపాయలు. రెండింటిలోని వెండి లెక్కగట్టి చూడండి, ఆ మారకం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోతుంది.

చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయల్లో మధ్య ద్వారంలోకి భూతద్దం పెట్టండి. నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలానివైతే అందులో ఉర్దూ లిపిలోని 'మీమ్' అక్షరం, ఆయన తర్వాతి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌వైతే 'అయిన్' అక్షరం ఉంటాయి. పోత నకిలీల్లో ఆ చిన్న అక్షరం ముద్దగా మారిపోతుంది. నాణెం మీద హిజ్రీ సంవత్సరంతో పాటు పాలనా సంవత్సరం కూడా ఉంటుంది. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది హిజ్రీ 1329లో, అంటే 1911లో. 1330 అని ఉన్నచోట పాలనా సంవత్సరం ఒకటో రెండో ఉండాలి, తొమ్మిది ఉండకూడదు. రెండూ పొసగకపోతే ఆగి, తెలిసినవారిని అడగండి. ఉర్దూ అంకెలు నేర్చుకోవడానికి ఒక మధ్యాహ్నం చాలు. చార్మినార్ రూపాయిని చేతిలో పెట్టుకుని దాని వయసు మీరే లెక్కగట్టడంలో ఉన్న సంతోషం ముందు ఆ శ్రమ ఏపాటిది!

వీలైతే హైదరాబాద్ సైఫాబాద్‌లోని పాత టంకశాలలో పెట్టిన మ్యూజియం చూడండి. అక్కడ కాసేపు అసలువాటిని చూసినా కన్ను మారుతుంది.

ఈస్ట్ ఇండియా కంపెనీ 1818 అణా, మీద రామపట్టాభిషేకం ఉంది. ఎంత పలుకుతుంది?

ఏమీ పలకదు. ఎన్నడూ లేని నాణెమని ఇందాక చెప్పింది ఇదే. 1616, 1717, 1818 అంటూ వరస సంవత్సరాలు, ఒకవైపు సీతారాములు లేదా హనుమంతుడు, రెండోవైపు 'వన్ అణా'. కంపెనీ అలాంటివి చెలామణీకి కొట్టలేదు. మద్రాసులో కంపెనీవారు కొట్టిన వరహాల మీద దేవతామూర్తులున్న మాట నిజమే, కానీ అవి చిన్న బంగారు నాణేలు. ఈ రాగి, ఇత్తడి బిళ్లలతో వాటికి ఏ సంబంధమూ లేదు. రాముడి బొమ్మ ఉంది కదా అని భక్తితో దాచుకుంటే తప్పులేదు. లక్షలొస్తాయని మాత్రం ఎవరి మాటా వినకండి.

ఈ బిళ్లలతోనే 'రైస్ పుల్లింగ్' మోసం నడుస్తుంది. నాణెమో రాగి చెంబో బియ్యపు గింజల్ని లాగుతుందని, అందులో ఇరిడియం ఉందని, విదేశాల్లో కోట్లు పెట్టి కొంటారని చెబుతారు. ఉభయ తెలుగు రాష్ట్రాల్లో దీని కింద పొలాలు అమ్ముకున్నవారున్నారు. బియ్యాన్ని లాగే లోహం లేదు. లోపల దాచిన అయస్కాంతం, బియ్యంలో కలిపిన ఇనుప రజను చేసే పని అది. మీ ఇంటిదాకా ఈ మాట వస్తే పోలీసులకు చెప్పండి.

వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల నాణేనికి లక్షలిస్తామని ఫోన్ చేశారు.

ముందుగా రిజిస్ట్రేషన్ ఫీజో, పన్నో కట్టమంటారు. కట్టాక మళ్లీ ఫోనెత్తరు. రిజర్వు బ్యాంకు పేరు వాడితే అసలే నమ్మకండి. పాత నోట్లు, నాణేలు కొనే అమ్మే వ్యవహారం తాము చేయమని, దానికి రుసుమేదీ వసూలు చేయమని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది. పది రూపాయల నాణెం చెల్లదన్న పుకారు గుర్తుందా? దుకాణాల్లో తీసుకోనన్నారు, బస్సుల్లో గొడవలయ్యాయి. 14 డిజైన్లున్నాయని, అన్నీ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు చెప్పాల్సి వచ్చింది. డిజైన్ వేరుగా ఉందంటే దొంగదని కాదు.

శాతవాహనుల నాణేలు, రాయలవారి వరహాలు కొనవచ్చా?

కొత్తవాళ్లకు వద్దంటాను. కరీంనగర్ ప్రాంతంలోని కోటిలింగాల నాణేల గురించి చదివితే ఎవరికైనా మనసు లాగుతుంది. నాకూ లాగింది. కానీ శాతవాహనుల సీసపు నాణేలకు దొంగ అచ్చు తీయడం సులువు, సీసం తక్కువ వేడికే కరుగుతుంది. పులుమావి, యజ్ఞశాతకర్ణి కాలపు రెండు తెరచాపకొయ్యల ఓడ నాణెం కోసం ఆశపడేవాళ్లు ఎక్కువ, అసలువి తక్కువ.

వరహా సంగతి వేరు. కృష్ణదేవరాయల బాలకృష్ణ వరహా సుమారు 3.4 గ్రాముల బంగారం. దాని ధర బంగారం ధరకంటే చాలా ఎక్కువ కనుక, నిజమైన బంగారంతోనే నకిలీ చేసినా గిట్టుతుంది. కంసాలి గీటురాయి మీద గీసి "బంగారమే" అంటాడు. ఆయన చెప్పింది నిజమే, కానీ మీరడిగింది వేరే ప్రశ్న. అది రాయలవారి కాలంలో కొట్టిందో, పోయినేడాది కొట్టిందో గీటురాయికి తెలియదు.

ఇంకోటి. "పొలం దున్నుతుంటే దొరికింది" అని చెప్పే నాణెం జోలికి వెళ్లకండి. ఆ కథ ఎక్కువసార్లు కల్పితం. నిజమైతే మరీ ప్రమాదం. నేలలో దొరికిన పది రూపాయల విలువ దాటిన నిధిని కలెక్టర్‌కు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతుంది. లంకెబిందెల ఆశతో గుళ్లు తవ్వేవారికి మన డబ్బు చేరకూడదు. నూరేళ్లు దాటిన నాణేలను విదేశాలకు తీసుకెళ్లడాన్ని 1972 పురావస్తువుల చట్టం ఒప్పుకోదు. అమెరికాలో ఉన్న పిల్లలకు పంపాలనుకునే తల్లిదండ్రులు ఇది గమనించాలి.

కొనేముందు అమ్మేవారిని ఏమడగాలి?

నకిలీ అని తేలితే డబ్బు వాపసు ఇస్తామని బిల్లు మీద రాసివ్వమనండి. నిజాయితీ ఉన్నవారు తడుముకోరు. వాట్సాప్‌లో చూసి కొనేటప్పుడు అంచు ఫొటో, త్రాసు మీద పెట్టిన ఫొటో అడగండి. అలాంటివే మరో ఇద్దరు అమ్ముతున్నారా అని వెతకండి. వేర్వేరు నాణేల మీద ఒకేచోట ఒకే గీత, ఒకేచోట ఒకే సొట్ట ఉన్నాయంటే అవన్నీ ఒకే అచ్చులోంచి వచ్చిన పోత పిల్లలు. నాణేన్ని పరీక్షించి, దాని స్థితికి గ్రేడు ఇచ్చి సీలు వేసే గ్రేడింగ్ కంపెనీ ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నా సరే, దాని నంబరును ఆ కంపెనీ వెబ్‌సైట్లో చూసి ఫొటోతో పోల్చండి. డబ్బాలకీ నకిలీలొస్తున్నాయి.

కొత్త స్మారక నాణేలు కావాలంటే నేరుగా టంకశాల నుంచే తెప్పించుకోండి. ఎన్టీఆర్ శతజయంతికి 2023 ఆగస్టులో విడుదలైన వంద రూపాయల నాణేన్ని హైదరాబాద్ టంకశాలలోనే కొట్టారు. 44 మిల్లీమీటర్లు, 35 గ్రాములు, సగం వెండి. టంకశాల ప్యాకింగ్‌తో దొరికేదాన్ని చేతులు మారినచోట విడిగా కొనడం ఎందుకు?

చింతపండుతో తోమితే అసలు రంగు బయటపడుతుందా?

దయచేసి తోమకండి. చింతపండు, విభూతి, టూత్‌పేస్టు, పీతాంబరి, ఏదీ వద్దు. వెండి మీద నల్లబడిన పొర, రాగి మీది గోధుమరంగు దశాబ్దాలుగా ఏర్పడినవి. సేకర్తలు చూసేది ఆ పొరనే. నకిలీని పట్టడానికీ అదొక ఆధారం. పచ్చటి చిలుము పొడిలా రాలుతుంటే మాత్రం తెలిసినవారికి చూపించండి.

నా దగ్గరున్నది నకిలీ అని తేలింది. ఇప్పుడేం చేయాలి?

అమ్మినవారికి మర్యాదగా చెప్పండి. వాళ్లూ మోసపోయి ఉండవచ్చు. వెనక్కి తీసుకోకపోతే, దాన్ని ఇంకొకరికి అంటగట్టకండి. ఇది ఒక్కటీ గట్టిగా చెబుతున్నాను. విడి కవర్లో పెట్టి ఎర్ర సిరాతో 'నకిలీ' అని రాసి, ఎలా తేలిందో రెండు ముక్కలు రాయండి. మన తర్వాత పెట్టె తెరిచే పిల్లలకు అది తెలియాలి. నా దగ్గర అలాంటివి పదకొండున్నాయి. కొత్తగా ఎవరొచ్చినా ముందు వాటినే చేతికిస్తాను.

ఇంత జాగ్రత్త పడుతూ పోతే ఇక ఆనందమెక్కడ?

దొంగ అచ్చు వేసేవాడికి గిట్టుబాటు కాని నాణేల్లో బోలెడంత ఆనందం ఉంది. 1957లో దశాంశ పద్ధతి వచ్చాక కొట్టిన నయాపైసలు, అల్యూమినియం రెండు పైసలు, ఆరు పలకల మూడు పైసలు, కొందరి పూజగదుల్లో నూట ఎనిమిది లెక్కన కనిపించే తామరపువ్వు ఇరవై పైసలు. 1943 నుంచి కొట్టిన చిల్లు కానీలు. వీటిలో మామూలు సంవత్సరాలవి కొంటే రాత్రి నిద్రపడుతుంది. చిల్లరలో వచ్చిన రూపాయల్లో నక్షత్రం గుర్తున్నవి ఏడాదికొకటి చొప్పున ఏరుకోవడానికి ఖర్చే లేదు. మా అబ్బాయి అలాగే మొదలుపెట్టాడు.

ఏదో ఒక వరసను ఎంచుకుని దాన్నే లోతుగా తెలుసుకోండి. పది రాజ్యాల నాణేలు పదేసి కొన్నవారికంటే, ఒక్క రాజు రూపాయలు వంద చూసినవారు తక్కువ మోసపోతారు. పోయినా ఏడవనంత డబ్బే ఒక నాణెం మీద పెట్టండి.

నేను మొదలుపెట్టమని చెప్పేది ఐదో జార్జి అణాతో. పూరేకుల్లా వంపులు తిరిగిన అంచు, నికెల్ కలిసిన రాగి, పెద్ద ధరేమీ కాదు. దాని మీద విలువను నాలుగు దేశభాషల్లో రాశారు. వాటిలో తెలుగు ఒకటి. మా అమ్మకు ఇంగ్లీషు రాదు. మొన్న సంక్రాంతికి ఆ నాణేన్ని చేతికిస్తే కళ్లద్దాలు సర్దుకుని "ఒక అణా" అని చదివింది. ఆ సాయంత్రమంతా చిన్నప్పుడు వాళ్లూరి సంతలో అణాకి ఏమేం వచ్చేవో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ చెప్పింది.